నడిమి బల్ల పిల్లలు

తరగతిలో మొదటి మార్కు తెచ్చుకునే పిల్ల పేరు ఊరందరికీ తెలుస్తుంది. తప్పినవాడి పేరు కూడా తెలుస్తుంది. వాణ్ణి మాస్టారు మందలిస్తారు, ఇంట్లోవాళ్ళు ప్రైవేటు పెట్టిస్తారు. నూటికి యాభయ్యో, అరవయ్యో తెచ్చుకునేవాడి సంగతే ఎవరికీ పట్టదు. వాణ్ణి మెచ్చుకునేవారూ లేరు, కోప్పడేవారూ లేరు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి గనక, తరగతిలో ఇటువంటివాళ్ళే ఎక్కువమంది అని నాకు తెలుసు.

ఈ పిల్లలను గురించి ఆలోచించిన ఒక పంతులమ్మ కథ చెబుతాను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ డియాగో అనే నగరం ఉంది. 1980లో అక్కడి క్లేర్‌మాంట్ హైస్కూలుకు, న్యాయస్థానం ఉత్తరువు కారణంగా, బీదపేటల నుంచి చాలామంది పిల్లలు బస్సులలో రాసాగారు. వీళ్ళకు తేలిక పాఠాలు చాలునని కొందరు అనుకున్నారు. ఇంగ్లీషు చెప్పే మేరీ కేథరిన్ స్వాన్సన్ మాత్రం ఒప్పుకోలేదు. ఆమె మధ్యరకం మార్కులవాళ్ళను 32 మందిని తీసుకుని, కాలేజీకి పోదలచినవాళ్ళు చదివే కష్టమైన పాఠాలలోనే చేర్పించింది.

"ఈత రానివాణ్ణి లోతు నీళ్ళలోకి తోసినట్టే గదా!" అంటారేమో. కాని ఆమె ఊరికే తోసెయ్యలేదు. చదవటం ఎలాగో నేర్పటానికి ప్రత్యేకంగా ఒక పీరియడు పెట్టింది. కాలేజీ విద్యార్థులు వచ్చి సాయం చేసేవారు. వాళ్ళకొక నియమం: జవాబు చెప్పకూడదు! తనకు అర్థం కానిది ఎక్కడో పిల్లవాడు చెప్పాలి. వాళ్ళు ప్రశ్నలు వేసి వాడి చేతనే జవాబు రాబట్టాలి. "ఏవిడ్" అనే ఈ పద్ధతి ఇప్పుడు వేల బడులలో ఉన్నది.

ఆ పిల్లలు నోట్సు రాసే తీరు కూడా చెప్పుకోదగినది. కాగితానికి ఎడమ పక్కగా నిలువు గీత గీస్తారు. కుడివైపు వెడల్పు చోటులో పాఠం రాస్తారు. తరవాత అది చదువుకుని, ఎడమవైపు ప్రశ్నలు రాస్తారు. అడుగున పాఠం సారం రెండు మూడు వాక్యాలలో రాస్తారు. పిమ్మట కుడివైపు మూసిపెట్టి, ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలోని వాల్టర్ పాక్ రూపొందించిన ఈ పద్ధతి, 1962లో వచ్చిన ఆయన పుస్తకంతో బాగా ప్రచారమయింది.

ఆ మూసిపెట్టటంలోనే ఉంది కిటుకంతా. రోడిగర్, కార్పికె అనే శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన ఒక పరిశోధన చూడండి. ఒకే పాఠాన్ని కొందరు పదేపదే చదివారు. మరికొందరు ఒక విడత చదివి, ఆపైన పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే, పదేపదే చదివినవాళ్ళదే పైచెయ్యి. వారం తరవాత పెడితే వాళ్ళకు నూటికి 40 వంతులే గుర్తున్నది. రెండోవాళ్ళకు 61 వంతులు!

మా వీధిలో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉండేది. "ఈ మార్కులకు కాలేజీ ఎందుకు మాస్టారూ? కుట్టుపని నేర్పిస్తాను," అన్నాడు తండ్రి. ఏడాది ఆగమని, ఆ పిల్ల చేత నోటుబుక్కులో గీత గీయించాను. మొదటి వారం ఎడమవైపు ఒక్క ప్రశ్న కూడా రాయలేకపోయింది. "అంతా అర్థమయింది మాస్టారూ," అనేది. కుడివైపు మూసి అడిగితే నోరు మెదపలేదు. నెల తిరిగేసరికి, "త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలే ఎందుకు కావాలి?" అని రాసింది. ఏళ్ళ తరబడి నన్నెవరూ అడగని ప్రశ్న అది! ఇప్పుడామె ఇంటర్మీడియెట్ చదువుతున్నది. మొదటి మార్కు ఆమెది కాదు. కాని తనకు తెలియనిదేదో తనకు తెలుసు. అది తెలిస్తే నేర్చుకోవటం ఎంతసేపు?

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు బడి నుంచి రాగానే "ఎన్ని మార్కులు?" అని గాక, "ఇవాళ నీకు అర్థం కానిదేమిటి?" అని అడిగి చూడండి. పిల్లలూ, మీరు రేపే నోటుబుక్కులో గీత గీయండి. దానికి ఒక స్కేలూ, పెన్సిలూ ఉంటే చాలు.