అద్దముపైఁ గప్పిన దుప్పటి

స్త్రీలు తమలోఁ దాము సైతము చెప్పికొన సంకోచించు విషయమొకటి నేఁడు ముచ్చటింపఁ దలఁచితిమి.

ఆళ్లగడ్డలో మాకు వరుసకు వదినగారొకరు కలరు. ఐదేండ్ల క్రిందట రాచపుండు సోకుటచే వైద్యులామె యెడమ ఱొమ్మును తొలగించి, ఆ తావున సిలికాను తిత్తిని అమర్చిరి. ఇట్టి తిత్తిని మొట్టమొదట 1962వ సంవత్సరమున అమెరికాలోని హ్యూస్టను నగరమున నొక స్త్రీకి అమర్చిరి. ఇవి యావజ్జీవము నిలుచునవి కావు. పరాయి వస్తువు చుట్టును శరీరము పొర నల్లుకొనును. కొందఱికాపొర బిగిసి గట్టిపడి నొప్పి పుట్టించును. కిరణచికిత్స పొందినవారికీ బాధ హెచ్చు. వదినగారికట్లే జరుగఁగా, గడచిన యేఁడు దానిని తీయించుకొనిరి.

నొప్పి పోయెను, దానితో నవ్వును పోయెను. శ్రావణమాసపు పేరంటములకు రారైరి. దీపమార్పి స్నానము చేసెడివారు. నిలువుటద్దమునకు దుప్పటి కప్పిరి. మేము నంద్యాలనుండి చూడఁబోయి, "ప్రాణము దక్కినది, చాలదా? ఈ వయస్సున సొగసుతో మనకేమి పని?" అంటిమి. ఆమె మొగము త్రిప్పుకొనిరి.

తిరిగివచ్చునపుడు ఆళ్లగడ్డ శిల్పులు చెక్కుచున్న విగ్రహములను జూచితిమి. భిన్నమైన విగ్రహము పూజకుఁ దగదందురు. వదినగారు తమ్ముఁ దామట్లే యెంచుకొనుచున్నారని యప్పుడు తోఁచినది. కాని తమిళుల శిలప్పదికారమున కన్నగి తన యెడమ ఱొమ్మును పెఱికి మధురపై విసరినది గదా! లోకమామెను దేవతగాఁ గొలిచినది.

పదిదినములకు, మా వారు పాఠశాలకు వెళ్లిన పిమ్మట, మరల బస్సెక్కితిమి. ఈమాఱు కన్నగి కథయుఁ జెప్పలేదు, నీతులును బోధింపలేదు. "మీ మనస్సులోనిది చెప్పుఁడు, విందుము" అంటిమి. చాలసేపటికి వారిట్లనిరి: "మొదటిమాఱు వ్యాధి తీసికొనిపోయినది. రెండవమాఱు నేనే తీయుఁడంటిని. కోరి తీయించుకొన్నదానికి ఏడ్చు హక్కు నాకుఁ గలదా యని యేడువలేదు." ఇద్దఱమును దుఃఖము తీఱునంత యేడ్చితిమి.

అటుపిమ్మట మెత్తని నూలుగుడ్డలో దూది నింపి, రవికలోపల నమరునట్లు కుట్టితిమి. ధరించుటయు మానుటయు వారి యిచ్చయే.

ఇట్టి స్త్రీకి మొదట వినెడి చెవి కావలయును, ఓదార్పుమాట తరువాతిది. దిగులు మాసములు గడచినను వీడనిచో మానసిక వైద్యునిఁ జూచుట సిగ్గుపడవలసిన పని కాదు.

వదినగారు దుప్పటి నింకను తీసివేయలేదు. మొన్న దానిని ఉదికి యారవేసిరఁట. అది యాఱువఱకు అద్దము తెఱచియే యుండెనని తామే ఫోనులోఁ జెప్పిరి.