ముందు వరుస పిల్లలు

మా చిన్నమ్మ కూతురు బ్రిస్బేన్ నగరంలో కాపురముంటున్నది. కొడుకును ఏ బడిలో చేర్చాలన్న ఆలోచనలో పడ్డ రోజుల్లో ఫోను చేసినప్పుడల్లా ఒకే పేరు చెప్పేది: బ్రిస్బేన్ స్టేట్ హైస్కూల్. నగరం నడిబొడ్డున, నదికి దక్షిణపు ఒడ్డున, 1921లో వెలసిన బడి. మూడువేలకు పైగా విద్యార్థులు.

"అంత పెద్ద బడి అంటే ఫీజు లక్షల్లో ఉంటుందేమో చెల్లే" అన్నాను.

"కాదన్నా, సర్కారు బడే. కాకపోతే దాని పరిధిలో ఇల్లు దొరకాలె. కిరాయిలు మండిపోతున్నయి."

సర్కారు బడి కోసం ఇల్లు మారే మనుషులుంటారన్న సంగతి నాగల్‌గిద్ద ప్రాంతంలో పెరిగిన నా చెవికి వింతగా సోకింది. మా దిక్కున సర్కారు బడిని తప్పించుకోవడానికే ఊళ్ళు మారతారు.

ఆ బడికి రెండు వాకిళ్ళున్నాయి. చుట్టుపక్కల నిర్ణీత పరిధిలో నివసించేవారి పిల్లలకు పరీక్షతో నిమిత్తం లేకుండా చోటు దొరుకుతుంది. పరిధికి వెలుపలివారిని చదువులోనో, ఆటల్లోనో, సంగీతాది కళల్లోనో ఉన్న ప్రతిభను బట్టి ఎంచుకుంటారు. క్వీన్స్‌లాండ్‌లో పేరుమోసిన ప్రైవేటు బడుల క్రీడాసంఘంలో ఉన్న ప్రభుత్వ పాఠశాల అదొక్కటే. సంపన్నుల పిల్లలతో సమంగా పడవ పందేలకు దిగుతుంది. అక్కడంతా సవ్యమేనని నేననుకోవడం లేదు. అద్దె కట్టగలిగినవాడికి ఒక వాకిలి, శిక్షణ కొనగలిగినవాడికి మరొక వాకిలి సులువుగా తెరుచుకుంటాయి. తాకిడి తట్టుకోలేక 2021లో డటన్ పార్కులో ఇంకొక ప్రభుత్వ ఉన్నత పాఠశాల తెరవవలసి వచ్చింది. అయినా ఒక్క విషయం నన్ను వదలలేదు. ఎంపికైన పిల్లవాడూ, పక్కవీధి పిల్లవాడూ ఒకే ఆవరణలో పెరుగుతారు.

మనం మరొక దారి పట్టాం. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేలులో తొలి గురుకులం మొదలైంది. ప్రతిభగల పేదపిల్లను ఊరి నుంచి తీసుకుపోయి, తిండీ బట్టా పుస్తకమూ ఇచ్చి, చదువొక్కటే లోకంగా పెంచడం దాని పద్ధతి. ఆ చెట్టుకు ఎన్నో కొమ్మలు వేశాయి. హకీంపేటలో ఆటలకు ప్రత్యేకంగా ఒక బడి ఉన్నది; నాలుగో తరగతిలో చేరే పిల్లలను పరుగు తీయించి, దూకించి ఎంచుకుంటారు. గౌలిదొడ్డి గురుకులంలో ఐఐటీ, వైద్యవిద్య ప్రవేశ పరీక్షలకు సిద్ధం చేస్తారు. తాడ్వాయి గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ భువనగిరి గుట్టపై కొండలెక్కడం నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలిచింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ వార్త విన్ననాడు మా తండాలలో ఎందరు తల్లులు తమ ఆడపిల్లల వంక కొత్తగా చూశారో! గురుకులాల గురించి చులకనగా మాట్లాడేవారితో నాకు పొసగదు.

అయితే ఎంపిక అన్నాక మిగులు కూడా ఉంటుంది. ఆ మిగులు గురించి ఎవరూ మాట్లాడరు.

గురుకుల ప్రవేశపరీక్ష రాసేది నాలుగో తరగతి పిల్లలు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, కొంత బుద్ధిపరీక్ష. గెలిచినవారు ఐదో తరగతికి వెళ్ళిపోతారు. మరుసటి ఏడు నవోదయ పరీక్ష మరికొందరిని ఏరుకుంటుంది. 2024 డిసెంబరులో సంగారెడ్డి జిల్లాకు కూడా ఒక నవోదయ మంజూరైనప్పుడు మేమందరం సంతోషించాం, నేనూ సంతోషించాను. కానీ ఒక్కో నవోదయ ఆరో తరగతిలోకి తీసుకునేది ఎక్కువలో ఎక్కువ 80 మందిని. జిల్లా ఎంతది, ఎనభై ఎంతది! ప్రతి జూన్‌లోనూ మా వైపు పల్లెబడులలో ముందు వరుస పలచబడుతుంది. మిగిలినవారిని "రానివాళ్ళు" అంటారు. తొమ్మిదేళ్ళ బిడ్డకు ఆ మాట తగిలితే ఎన్నేళ్ళకు మానుతుందో నాకు తెలియదు. తోటివారిలో ఒకడు గబగబా లెక్క చేస్తుంటే చూసి నేర్చుకునే అదృష్టం కూడా వాళ్ళకు తప్పిపోతుంది. నాకు లెక్కలు పట్టుబడింది పక్కన కూర్చున్నవాడి పలక చూసే.

ఇక ఆ "రానివాళ్ళ"కు వచ్చినదేమిటో చూద్దాం. నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోది. రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసినప్పుడు మెదక్‌లో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడి నాగల్‌గిద్ద మండలమైంది. గీతలు మారాయి గాని ఇళ్ళలో మాటలు మారలేదు. ఒక ఇంట్లో జొన్నరొట్టె, పక్కింట్లో జోళద రొట్టి, ఆ వెనకింట్లో భాకరీ, తండాలో బాటి. బడిలో తెలుగు, అంగట్లో ఉర్దూ కలిసిన హిందీ, బీదరు దవాఖానకు పోతే కన్నడం. పదేళ్ళ పిల్లలు ఈ నాలుగింటి మధ్య గట్టు దాటినంత అలవోకగా దాటుతుంటారు. బడి రికార్డులో మాత్రం ఇదంతా "తెలుగులో వెనుకబాటు" అనే ఒక్క మాటగా మారుతుంది. 2018 చట్టం తెలుగును అన్ని బడులలో పదో తరగతి దాకా తప్పనిసరి చేసింది. తెలుగువాడిగా నాకది ఇష్టమే. కాని తెలుగు నేర్పడానికి ఇంటిభాషను లోపంగా లెక్కగట్టవలసిన పని లేదు కదా.

ఆస్ట్రేలియాలోనే విక్టోరియా రాష్ట్రంలో భాషల కోసమే ఒక ప్రభుత్వ పాఠశాల ఉన్నది. 1935లో పుట్టింది. శనివారాలు వేర్వేరు బడుల ఆవరణల్లో తరగతులు నడుపుతూ, వలసవచ్చినవారి పిల్లలకు వారి ఇంటిభాషలనే పాఠ్యాంశాలుగా చెబుతుంది. ఆ మార్కులు పన్నెండో తరగతి ఫలితంలో కలుస్తాయి. కన్నడమూ మరాఠీ తెలుగూ చదివించి, ఒకదాని నుంచి మరొకదానిలోకి అనువదించడం నేర్పే ప్రత్యేక విభాగమొకటి మా మండలంలోని ఉన్నత పాఠశాలకే ఇస్తే, దానికి వేరే భవనమూ వసతిగృహమూ అక్కరలేదు. ముగ్గురు పంతుళ్ళు చాలు. వాళ్ళు కూడా చుట్టుపక్కల పదిమైళ్ళలోనే దొరుకుతారు.

గత వేసవిలో సంతలో ఒక తండా పిల్లను చూశాను. ఔరాదు వైపు నుంచి వచ్చిన ఎడ్ల బేరగాడికీ, తెలుగు తప్ప మరొకటి రాని రైతుకూ మధ్య నిలబడి ఇద్దరి మాటా ఇద్దరికీ చేరవేస్తున్నది. మధ్యమధ్య వెనక్కి తిరిగి వాళ్ళ తాతకు లంబాడీలో ఏదో చెప్పి నవ్వుతున్నది. బేరం కుదిరింది. బేరగాడు పది రూపాయలివ్వబోతే వద్దన్నది. ఏ తరగతి అని అడిగాను.

"ఐదుకు పోతున్న. గురుకులం రాలే" అన్నది.