ఏడవ రోజు ఖాళీ

పిల్లలు చిన్నవారుగా ఉన్నంత కాలం విహారయాత్ర అన్నది పెద్దల వ్యవహారం. ఎక్కడికి వెళ్ళాలో, ఎన్నాళ్ళు ఉండాలో, ఎవరి ఇంట దిగాలో పెద్దలే నిర్ణయిస్తారు. పిల్లలు కిటికీ పక్క చోటు కోసం మాత్రమే పోట్లాడుకొంటారు. పదిహేనో ఏడు వచ్చేసరికి ఈ ఏర్పాటు చెదిరిపోతుంది. అప్పటికి ఆ పిల్లకు తనవంటూ కొన్ని ప్రశ్నలు పుట్టి ఉంటాయి. ఆ ప్రశ్నలకు తావు లేని ప్రయాణంలో ఆమె పెట్టె బేడాతో పాటు కదులుతుందే గాని, యాత్ర చేయదు.

విశాఖపట్నంలోని ఒక మధ్యతరగతి కుటుంబానికి ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసివచ్చింది. తండ్రి బ్యాంకు ఉద్యోగి, తల్లి ఉపాధ్యాయిని. డెబ్బై దాటిన నాయనమ్మగారు వారితోనే ఉంటున్నారు. ఒక్కగానొక్క కుమార్తె పదవ తరగతి చదువుతున్నది. విజ్ఞానశాస్త్రమంటే ఆ అమ్మాయికి ప్రాణం. మార్చిలో పరీక్షలు ముగియగానే ఆమెను హాస్టలు వసతి గల జూనియర్ కళాశాలలో చేర్పించాలని ఇంట్లో అనుకొన్నారు. ఈ మాటకు అర్థమేమిటో తెలుగు తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్ళీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష; ఇలా రెండేళ్ళు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక వారం గడపడం మళ్ళీ ఎప్పటికో!

అందుచేత ఒకనాటి రాత్రి తల్లి, "ఈసారి ఎక్కడికి వెళ్ళాలో నువ్వే చెప్పు" అన్నది.

"గుళ్ళూ, చుట్టాల ఇళ్ళూ అయితే నేను రాను" అని అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే జవాబిచ్చింది. రెండు రోజుల తరువాత ఒక కాగితం మీద ఒకే ఒక పేరు రాసి భోజనాల బల్లపై పెట్టింది: కోటంసర్.

అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్ ప్రాంతంలో, జగదల్‌పూర్ పట్టణానికి చేరువలో, కాంగేర్ లోయ జాతీయ వనంలో ఉన్న సున్నపురాతి గుహ. 1950ల తొలినాళ్ళలో శంకర్ తివారీ అనే శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి లోకానికి పరిచయం చేశారు. గుహలోని నీటిమడుగులలో వేలెడు పొడవైనా లేని ఒక చేప నివసిస్తున్నది. దాని బంధువులు బయటి సెలయేళ్ళలో చక్కని కళ్ళతో, ఒంటి మీద మచ్చలతో తిరుగుతుంటాయి. లోపలి చేపకు మాత్రం తరతరాల చీకటిలో కళ్ళు క్షీణించాయి, ఒంటి రంగు వెలిసిపోయింది. ఆ గుహలోనే ఉండే ఒక చీకురుపురుగుకు శాస్త్రజ్ఞులు తివారీ పేరు మీదుగానే నామకరణం చేశారు.

అమ్మాయిని ఆకర్షించినది చేప గుడ్డితనం కాదు. రాయపూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ చేపల కదలికలను గమనించి, పగలూ రాత్రీ తేడా లేని చోట కూడా వాటిలో ఒక దినచక్రం పూర్తిగా చెరిగిపోలేదని కనుగొన్నారు. "కళ్ళు పోయినా గడియారం ఎందుకు పోలేదు నాన్నా?" అని ఆమె అడిగింది. తండ్రి వద్ద సమాధానం లేదు. ఆ ప్రశ్న పదవ తరగతి పుస్తకంలోనూ లేదు.

బస్తర్ అనగానే ఆయన మనస్సు ముందుగా మరొకచోటికి పోయింది. 2013 మే 25న జీరం లోయలో కాంగ్రెస్ నాయకుల వాహనశ్రేణిపై మావోయిస్టులు జరిపిన దాడి ఆయనకు జ్ఞాపకమున్నది. జగదల్‌పూర్ నుంచి సుక్మాకు పోయే దారిలోనే ఆ లోయ ఉన్నది. భయాన్ని దాచుకోవడం కన్న దానికి ఒక పని అప్పగించడం మేలు. ఆయన జగదల్‌పూర్‌లోని పర్యాటక, అటవీ అధికారులను ఫోనులో విచారించారు. మూడు నియమాలు పెట్టారు. ప్రధాన మార్గాలను విడువరాదు. పొద్దు వాలకముందే బస చేరాలి. దోమతెర, దోమల మందు లేకుండా గడప దాటరాదు. బస్తర్ అడవులలో మలేరియా చాలా కాలంగా పీడించిన వ్యాధి గదా! అమ్మాయి మూడింటికీ ఒప్పుకొన్నది.

అసలు చిక్కు కాలనిర్ణయం దగ్గర వచ్చింది. నాయనమ్మగారికి దసరా ఇష్టం. బస్తర్ దసరా డెబ్బై ఐదు రోజుల పండుగ. అక్కడ రావణ దహనం ఉండదు. దంతేశ్వరీ దేవి గౌరవార్థం జనం కొయ్యరథాన్ని తాళ్ళతో లాగుతారు. ఆ రోజులలో ఇంద్రావతి నిండుగా పారుతుంటుంది. చిత్రకోట జలపాతం మూడు వందల మీటర్ల వెడల్పున గుర్రపు డెక్క ఆకారంలో దూకుతుంటుంది. అన్నీ బాగున్నాయి గాని, వానకాలంలో గుహలోకి నీరు చేరుతుంది. జూన్ నడుమ నుంచి దానిని మూసివేసి, సాధారణంగా నవంబరులో గాని తెరవరు. దసరాకు వెళ్తే రథం ఉంటుంది, జలపాతం ఉంటుంది, గుహ ఉండదు. సంక్రాంతికి వెళ్తే గుహ ఉంటుంది, జలపాతం పాయలుగా చీలి సన్నగిల్లి ఉంటుంది, రథం ఉండదు. పైగా పండుగపూట సొంత ఇంట పొంగలి ఉండదు.

మూడు రోజులు ఇంట్లో ఈ తర్జనభర్జన సాగింది. దానిని తెంచినవారు నాయనమ్మగారే. కాకతీయుల చరిత్ర ఆమెకు కొంత తెలుసు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరానికి వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని అక్కడి సంప్రదాయం. అమ్మవారు అతని వెంట నడిచి వచ్చిందని, వెనుదిరిగి చూడరాదని షరతు పెట్టిందని, ఏటి ఇసుకలో అందెల సవ్వడి వినబడక అతను వెనక్కి చూడగా ఆమె అక్కడే నిలిచిపోయిందని ఒక కథ. "ఆవిడ మన ఓరుగల్లు ఆడపడుచే. ఆవిడ ఇంట పండుగ చేసుకొంటే మన ఇంట చేసుకొన్నట్లే" అని ఆమె తేల్చివేశారు.

"తడి ఇసుక చప్పుడును మింగేస్తుంది నాయనమ్మా, అందుకే వినబడలేదు" అన్నది మనుమరాలు.

"నాకు కథ తెలుసు, నీకు కారణం తెలిసింది. బాగానే ఉన్నది" అన్నారు ఆమె.

ఆ తరువాత పంచాంగం దింపారు. సంక్రాంతి అమావాస్యకు మూడు నాలుగు రోజుల ముందే వస్తున్నది. వెన్నెల లేని సాయంత్రాలలో, దీపాల వెలుగు లేని అడవి అంచున చుక్కలు చూడవచ్చునని అమ్మాయి సంతోషించింది. ఆమె పుస్తకంలో బీటెల్‌జూస్ అని ఉన్నది నాయనమ్మగారి ఆర్ద్ర. ఆల్డెబరాన్ అని ఉన్నది రోహిణి. పదిహేనేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్న ఆ ఇద్దరూ ఒకే ఆకాశాన్ని రెండు పేర్లతో ఎరుగుదురని ఆ రోజే బయటపడింది.

ఇక ప్రయాణ క్రమం. ఒక నోటుపుస్తకంలో అమ్మాయే రాసింది, పెద్దలు సవరించారు.

మొదటి రోజు రైలు. కొత్తవలస–కిరండూల్ మార్గం 1960లలో బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేర్చడానికి వేసినది. కొండలలో సొరంగాలు తొలుచుకొంటూ శిమిలిగుడ వద్ద సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. ఆ తూర్పు కనుమలలోని ఒక రాతికి భూగర్భశాస్త్రంలో ఖొండలైట్ అని పేరు. ఖోండులనే గిరిజనుల పేరది. ఎదురుగా వచ్చే గూడ్సు బండ్లలో ఎర్రని ఖనిజం సముద్రానికి దిగివస్తుంటుంది. వందల కోట్ల ఏళ్ళ క్రితం సముద్రజలంలో కరిగి ఉన్న ఇనుము, సూక్ష్మజీవులు విడుదల చేసిన ఆక్సిజన్‌తో కలిసి అడుగున పేరుకొన్న పొరలే అటువంటి నిక్షేపాలకు మూలం. సముద్రంలో పుట్టినది రైలెక్కి మళ్ళీ సముద్రానికి పోతున్నదన్నమాట.

రెండవ రోజు జగదల్‌పూర్‌లోని మానవశాస్త్ర మ్యూజియం, మధ్యాహ్నం చిత్రకోట. జలపాతం ఎత్తు సుమారు 29 మీటర్లు. తడబడకుండా పడే వస్తువు ఆ ఎత్తు నుంచి రెండున్నర సెకన్లలోపే నేలకు చేరాలి. ఒక నురగ ముద్దను గుర్తుపెట్టుకొని చేతిగడియారంతో లెక్కించాలని అమ్మాయి రాసుకొన్నది. మరునాడు చూడబోయే తీరథ్‌గఢ్ జలపాతం దాదాపు 90 మీటర్లు. అక్కడ లెక్క ప్రకారం నాలుగు సెకన్ల పైచిలుకు. కాని నీరు మెట్లు మెట్లుగా రాళ్ళను రాసుకొంటూ దిగుతుంది గనుక ఇంకా ఆలస్యం కావాలి. ఆ తేడా ఎంతో కొలవడమే అక్కడి పని.

మూడవ రోజు గుహ. ఇరుకు ద్వారం, నిటారు మెట్లు. నాయనమ్మగారు లోపలికి రారు. బస్తర్ కొండగోరువంక కోసం ఆమె బయట చెట్ల కింద కాపు కాస్తారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపక్షి అది. మనిషి మాటను అనుకరించగల గొంతు దానిది. ఆ రాత్రి కాంగేర్ ఒడ్డున పల్లెలోనే బస.

నాల్గవ రోజు కొండగావ్. అక్కడి ఘడ్వా పనివారు మట్టిబొమ్మపై తేనెమైనపు తీగలు చుట్టి, దానిపై మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన లోహం దిగుతుంది. అచ్చు పగలగొడితే గాని బొమ్మ బయటపడదు కాబట్టి ఒకదానివంటిది మరొకటి ఉండదు. మొహెంజొదారో నర్తకి బొమ్మ ఈ పద్ధతిలో పోసినదే. నేటి విమాన యంత్రాల రెక్కలను పోత పోసే విధానానికీ మూలసూత్రం ఇదే.

అయిదవ రోజు దంతెవాడ, బార్సూర్. దంతేశ్వరి ఆలయం శంఖినీ డంకినీ నదుల సంగమం వద్ద ఉన్నది. బార్సూర్‌లో నాగవంశపు రాణి గంగమహాదేవి వేయించిన తెలుగు శాసనం దొరికింది. వందల ఏళ్ళ క్రితమే అంత దూరాన తెలుగు చెల్లిందని వినగానే తల్లికి ఆ రోజు మీద మక్కువ కలిగింది.

ఆరవ రోజు సంత. ఎర్రచీమలతో నూరిన 'చాప్‌డా' పచ్చడిని అక్కడ ఆకుల్లో పెట్టి అమ్ముతారు. పులుపుకు కారణం చీమలలోని ఫార్మిక్ ఆమ్లం. దానికోసం లిట్మస్ కాగితం సిద్ధమైంది. తల్లి మరొక పని చెప్పింది. గోండి, ధుర్వా, దోర్లి మన భాషకు చుట్టాలు. గోండిలో మూడును 'మూండ్' అంటారు, నాలుగును 'నాలుంగ్' అంటారు. పది మాటలు విని రాసుకోవాలి. అడగకుండా ఎవరి ఫోటో తీయరాదు. "వాళ్ళు మన ప్రయోగశాల కారు" అన్నది తల్లి.

ఈ మాట అమ్మాయి మనస్సులో నాటుకొన్నట్లున్నది. ఆ రాత్రి ఆమె మూడవ రోజు పేజీని తిరగరాసింది. అంతకుముందు ఆ పేజీలో బలమైన టార్చిలైటు, దగ్గరి ఫోటోలకు వాడే లెన్సు, చేపలు కనిపించే మడుగుల పటం ఉన్నాయి. సున్నపురాతి గుహలో ఒక వేలాడే ఊడ మిల్లీమీటరులో పదోవంతు పెరగడానికి ఏడాది పట్టవచ్చు. వానచుక్క నేలలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నాన్ని కరిగిస్తుంది. గుహ గాలిలో ఆ వాయువును వదిలి, సున్నాన్ని రేణువుగా మిగిల్చిపోతుంది. చేతిజిడ్డు తగిలితే ఆ పెరుగుదల ఆగిపోవచ్చు. ఇక చేపల సంగతి. గడియారం ఉన్నదో లేదో తెలియవలసిన జీవిపై వేల మంది యాత్రికులు దీపాలు వేస్తే, ఆ గడియారం ఏమి కావాలి? సవరించిన పేజీలో ఇలా ఉన్నది: "దేనినీ తాకకూడదు. నీళ్ళలోకి లైటు వేయకూడదు. చేప కనబడకపోయినా సరే."

తండ్రి ఆ పేజీని రెండుసార్లు చదివారు. కూతురు ఏ కోరికతో ఇంత యాత్రను కూడగట్టిందో, ఆ కోరికనే తనంతట తాను వదులుకొనడానికి సిద్ధపడింది. ఎవరూ మందలించలేదు, మార్కులూ వేయలేదు. విజ్ఞానమంటే పరీక్షలో నెగ్గడమని తాను అనుకొంటూ వచ్చినది ఎంత చిన్న అర్థమో ఆయనకు ఆ రాత్రి తెలిసింది.

ఏడవ రోజు మిగిలింది. ఆ రాత్రికే తిరుగు రైలు. తండ్రి దండక్ గుహ, సహకార దుకాణం, మరో గుడి అంటూ పట్టిక తయారు చేయబోయారు. తల్లి వారించింది. ఆరు రోజులలో ఏదో ఒకటి అర్ధాంతరంగా మిగిలిపోతుంది. ఏ ప్రశ్న దగ్గరకు తిరిగి వెళ్ళాలనిపిస్తుందో ముందుగా తెలియదు. ఆ రోజు పేజీ తెల్లగానే ఉండాలని నిశ్చయించారు. ఎదిగే పిల్లలతో ప్రయాణం కట్టే వారెవరికైనా ఆ ఇల్లు ఇవ్వగల సలహా బహుశా ఇదొక్కటే.

కళాశాల దరఖాస్తు అప్పటికి బీరువాలో ఉన్నది. తండ్రి దానిని తీసి చూసి, సంతకం చేయకుండానే మళ్ళీ లోపల పెట్టారు.

"హాస్టలు సంగతి ఏడో రోజున మాట్లాడుకొందాం, తల్లీ" అన్నారు. "అదీ నువ్వే చెబుదువు గాని."