లెక్కల్లో దొరకని మోద్రిచ్

2022 నవంబరు 23న అల్ బైత్ స్టేడియంలో క్రొయేషియా, మొరాకో ఆడిన ప్రపంచకప్ మ్యాచ్ 0-0తో ముగిసింది. డిసెంబరు 1న అహ్మద్ బిన్ అలీ స్టేడియంలో క్రొయేషియా, బెల్జియం ఆట కూడా 0-0. ఈ రెండింట్లోనూ ‘ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్’ ఒక్కడే. అప్పటికే 37 ఏళ్లు నిండిన లూకా మోద్రిచ్. ఆ ప్రపంచకప్ మొత్తంలో అతని పేరున నమోదైన గోల్స్ సున్నా, అసిస్టులు సున్నా. అయినా టోర్నీలో మూడో ఉత్తమ ఆటగాడికిచ్చే కాంస్య బంతి అతనికే దక్కింది. బంగారు బంతి మెస్సీకి, వెండి బంతి ఎంబాపేకి వెళ్లాయి. వాళ్లిద్దరూ గోల్స్ పంట పండించినవాళ్లు. ఏ అంకే లేని మనిషి వాళ్ల పక్కన ఎలా నిలబడ్డాడు?

దోహాలో ఉంటున్న నాలాంటి వాళ్లకు ఆ ప్రపంచకప్ ఇంటి ముందుకొచ్చిన జాతర. ఖతార్ నివాసులకు గ్రూపు మ్యాచ్‌ల టికెట్లు 40 రియాల్స్ నుంచి దొరికాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్న మనవాళ్లు ఎందరో మెట్రో గ్రీన్ లైనెక్కి స్టేడియాలకు వెళ్లారు. నేనూ అలాగే బెల్జియం మ్యాచ్‌కి వెళ్లాను. నా సీటు బాగా పైన. ఆటగాళ్ల మొహాలు సరిగ్గా కనబడవు గాని, మైదానం మొత్తం ఒక్క చూపులో అందుతుంది. టీవీ కెమెరా బంతి వెంట పరుగెడుతుంది. పైనుంచి చూసేవాడికి బంతి లేని ఇరవై ఒక్కమందీ ఏం చేస్తున్నారో తెలుస్తుంది. మోద్రిచ్ ఆట నాకు అర్థమైంది అక్కడే.

బంతి తన దగ్గరికి రాకముందే అతను మెడ తిప్పి కుడివైపు చూస్తాడు, ఎడమవైపు చూస్తాడు, మళ్లీ బంతి వైపు తిరుగుతాడు. బంతి కాలికి తగిలేసరికి ఎటు పంపాలో నిర్ణయం అయిపోయి ఉంటుంది. నార్వే పరిశోధకుడు గెయిర్ యూర్డెట్ ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది సరిగ్గా ఈ అలవాటునే. మేటి మిడ్‌ఫీల్డర్లు బంతి అందుకునే ముందు చుట్టూ పదే పదే చూసుకుంటారు. కాళ్లలో వేగం తగ్గిన ఆటగాడికి ఇది ప్రాణాధారం. ప్రత్యర్థి రెండడుగులు వేసేలోపు అతను అరడుగు జరిగి ఉంటే చాలు, ఇక వేగంతో పనిలేదు.

ఆ రోజు క్రొయేషియాకు డ్రా సరిపోతుంది. బెల్జియం గెలిచి తీరాలి. రెండో సగంలో స్ట్రైకర్ లుకాకు వచ్చాక బెల్జియం మీదమీద పడింది. లుకాకు చేతికందిన అవకాశాలు పోగొట్టుకున్నాడన్నది నిజం. కాని ఆ ఒత్తిడిలో క్రొయేషియా డిఫెండర్ ఎవరికి దారి మూసుకుపోయినా, బంతి అందుకోవడానికి మోద్రిచ్ దగ్గర్లోనే ఉన్నాడు. తీసుకున్నాడు, అయిదు గజాల దూరంలో ఉన్నవాడికి ఇచ్చాడు. తన జట్టు ఊపిరి పీల్చుకునేదాకా బంతిని ఆపాడు. గణాంకాల పుస్తకంలో ఇది ‘పూర్తయిన పాస్ ఒకటి’. మైదానంలో మాత్రం, వస్తున్న దాడి అక్కడితో ఆగిపోవడం. జరగకుండా పోయిన గోల్‌ని ఎవరి ఖాతాలో రాస్తారు?

మనం క్రికెట్ స్కోర్‌కార్డుతో పెరిగాం. అందులో ప్రతి బంతికీ ఒక ఫలితం ఉంటుంది, ప్రతి పరుగుకీ ఒక పేరుంటుంది. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాల పాటు జరిగేదాంట్లో చాలా భాగానికి ఏ పేరూ ఉండదు. క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్ మీద క్రొయేషియా 120 నిమిషాలు ఆడి గోల్‌లోకి సరిగ్గా కొట్టిన షాట్ ఒకే ఒక్కటి. 117వ నిమిషంలో పెత్కోవిచ్ కొట్టిన ఆ షాటే నెయ్‌మార్ గోల్‌ని సమం చేసింది. మోద్రిచ్ 120 నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు. ఆ తర్వాత షూటౌట్‌లో తన పెనాల్టీనీ గోల్ చేశాడు. షూటౌట్ గోల్ ఆటగాడి లెక్కలోకి రాదు కాబట్టి ఆ రాత్రి కూడా అతని ఖాతాలో సున్నాయే. 40 లక్షల జనాభా కూడా లేని దేశం బ్రెజిల్‌ని ఇంటికి పంపింది.

అంకెలు అబద్ధం చెబుతాయని నేననను. అవి చెప్పగలిగినంతే చెబుతాయి. జపాన్‌తో మ్యాచ్‌లో క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ బ్రొజోవిచ్ 16.7 కిలోమీటర్లు పరుగెత్తాడని లెక్క వచ్చింది. అది అద్భుతమైన అంకె, అతని శ్రమకు సాక్ష్యం. అదే టోర్నీలో 35 ఏళ్ల మెస్సీ మ్యాచ్‌లో ఎక్కువ సేపు నడుస్తూనే కనిపించాడు. నడుస్తూ ఎక్కడ ఖాళీ ఉందో వెతికాడు. క్రొయేషియాతో సెమీఫైనల్లో 69వ నిమిషంలో, తనకన్నా దాదాపు పదిహేనేళ్లు చిన్నవాడైన గ్వార్దియోల్‌ని గీత దాకా ఈడ్చుకెళ్లి, తప్పించుకుని సహచరుడు అల్వారెజ్‌కి గోల్ బంతి అందించాడు. గ్వార్దియోల్ ఆ ప్రపంచకప్‌లో మేటి డిఫెండర్లలో ఒకడు. పుస్తకంలో అది ఒక అసిస్ట్. పక్కనున్నవాడికి ఊరికే బంతి తోసినా, అతను దాన్ని గోల్ చేస్తే అదీ ఒక అసిస్టే. రెండింటికీ ఒకే విలువ కట్టే లెక్కతో ఆటగాడిని తూచలేం.

అయితే ‘అంకెలు పక్కన పెట్టండి’ అనే మాట అభిమానుల చేతిలో సాకుగా మారకూడదు. కంటితో చూసినప్పుడు పెద్ద పేరు చిన్నదయ్యే రోజులూ ఉంటాయి. ఘనాపై పెనాల్టీ గోల్‌తో రొనాల్డో అయిదు ప్రపంచకప్పుల్లో గోల్ చేసిన తొలి పురుష ఆటగాడయ్యాడు. ఆ రికార్డు గొప్పది. కాని స్విట్జర్లాండ్ మ్యాచ్‌లో అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టి గొంజాలో రామోస్‌ని దించినప్పుడు పోర్చుగల్ 6-1తో గెలిచింది, రామోస్ మూడు గోల్స్ కొట్టాడు. ఒక్క మ్యాచ్‌తో ఏదీ తేలిపోదు. అయినా ఆ రాత్రి ముందు వరసలో ఖాళీల కోసం రామోస్ తీసిన పరుగులు, వాటి వల్ల పక్కవాళ్లకు దొరికిన చోటు కళ్లున్నవాళ్లందరికీ కనిపించాయి. మోద్రిచ్ విషయంలోనూ అంతే. సెమీఫైనల్లో అర్జెంటీనా ముందు అతని దగ్గర జవాబు లేకపోయింది, 81వ నిమిషంలో బయటికి వచ్చాడు. ఆ రోజు అతను బాగా ఆడాడని నేను చెప్పను.

అందుకే నా కొలత ఒకటే. ఈ మనిషి ఉన్నందువల్ల చుట్టూ ఉన్న పదిమంది ఆట మెరుగవుతోందా? ఖతార్‌లో పని ప్రదేశాల్లో ఇదే కొలత పనికొస్తుందని నాకు తెలుసు. ఏళ్ల అనుభవమున్న మన తెలుగు ఫోర్‌మన్ ఇప్పుడు కుర్రాళ్లలా బరువులు మోయడు. టైమ్‌షీట్లో అతనివీ వాళ్లవీ ఒకే గంటలు. కాని అతనున్న చోట పని ఏ వరసలో చేయాలో ముందే తెలుస్తుంది, కట్టింది విప్పి మళ్లీ కట్టాల్సిన అవసరం రాదు, ఎవరికీ దెబ్బ తగలదు. అతను సెలవు మీద ఊరెళ్లినప్పుడు కంపెనీకి అతని విలువ తెలిసొస్తుంది. వయసు మీరిందని అలాంటివాళ్లను పంపించేయడం చూసినప్పుడల్లా నాకు బాధే కాదు, కోపం కూడా వస్తుంది. అది జాలి వల్ల వచ్చే కోపం కాదు. పనిని సరిగ్గా చూడలేదని వచ్చే కోపం.

ఖతార్ తర్వాత కూడా మోద్రిచ్ ఆగలేదు. 2024లో రియల్ మాడ్రిడ్‌తో ఆరో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. 2025లో ఏసీ మిలాన్‌కి మారి, అక్కడే నలభై ఏళ్లు పూర్తిచేసుకున్నాడు. ఇలాంటి ఆటగాడి గురించి ఎవరైనా ‘ఎన్ని గోల్స్?’ అని అడిగితే నేను చెప్పే సలహా ఇది. ఈసారి మ్యాచ్‌లో ఓ పావుగంట బంతిని వదిలేసి అతన్ని మాత్రమే చూడండి. బంతి రాకముందు ఎటు చూస్తున్నాడు, ఎవరికి దారి మూసుకుపోతే ఎక్కడికి వెళ్లి నిలబడుతున్నాడు, అతను బయటికి వెళ్లాక జట్టు ఎలా ఆడుతోంది, ఈ మూడూ గమనించండి. తేడా ఏమీ కనిపించకపోతే, ఎంత పెద్ద పేరైనా సరే, విరమించే వేళయిందని నిర్భయంగా అనండి. కనిపిస్తే మాత్రం, అతని ఖాతాలో సున్నా ఉన్నా సరే, ఆ రోజు మేటి ఆటగాడు అతనేనని అంతే గట్టిగా చెప్పండి.