పేరు పెట్టక ముందే అది రత్నమే



కెన్యాలో పనిచేస్తున్న మన సంఘ సహోదరుడొకరు పోయిన నెల సెలవు మీద ఊరికి వచ్చి, మమ్మల్ని చూడడానికి ఇంటికి వచ్చారు. మాటల మధ్యలో జేబులోనుండి చిన్న కాగితం పొట్లం తీసి విప్పారు. అందులో పెసరగింజంత ఆకుపచ్చ రాయి ఉంది.

"పచ్చ కదా తమ్ముడూ?" అన్నాము.

"కాదు అయ్యగారూ, దీన్ని సావోరైట్ అంటారు. గార్నెట్ జాతి."

గార్నెట్ అంటే మాకు ఎర్రరాయే తెలుసు. మనకు తెలిసిన గోమేధికము కూడా గార్నెటేనని, అదీ ఈ పచ్చరాయీ గ్రాసులర్ అనే ఒకే రకములోని తోబుట్టువులని ఆ రోజే తెలిసింది. కొద్దిపాటి వనాడియం, క్రోమియం కలిసినందువల్ల దీనికి ఈ పచ్చదనము వచ్చింది. మంచి రంగుతో 3 క్యారెట్లు దాటిన రాయి దొరకడం చాలా అరుదు.

ఆయన వెళ్లిన తరువాత ఆ రాయి సంగతి చదివాము. క్యాంప్‌బెల్ బ్రిడ్జెస్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1967లో టాంజానియాలో దీన్ని కనుగొన్నారు. కానీ ఆ దేశము నుండి బయటికి పంపడానికి అనుమతి దొరకలేదు. అదే రాతిపొర సరిహద్దు దాటి కెన్యాలోకి కూడా సాగి ఉంటుందని నమ్మి ఆయన వెదికారు. కొన్నేళ్లకు అక్కడా దొరికింది. అయినా నిపుణులకు తప్ప లోకానికి దాని సంగతి తెలియదు. 1974లో టిఫనీ అనే అమెరికా నగల సంస్థ దాన్ని ప్రజల ముందుకు తెచ్చింది. కెన్యాలోని సావో అభయారణ్యము పేరు మీద సావోరైట్ అని పేరు పెట్టారు. అంటే కనుగొన్నవారి పేరు కాదు, అమ్మినవారి పేరు కాదు, పుట్టిన నేల పేరు దానికి వచ్చింది.

గనుల మీద తగాదా నడుస్తుండగా 2009లో ఒక గుంపు దాడి చేసి బ్రిడ్జెస్‌గారిని చంపింది. అది చదివి చాలాసేపు మౌనంగా కూర్చున్నాము. ఒక రాయికి మనుషులు ఇంత విలువ ఇస్తారు. మరి మన మధ్య తిరిగే మనిషికి మనము ఎంత విలువ ఇచ్చాము?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మన మందిరాన్ని ఏళ్ల తరబడి ప్రతి శనివారం ఊడ్చిన అవ్వ మీకు గుర్తుండే ఉంటుంది. అందరమూ "మూలింటి అవ్వ" అనే పిలిచాము. ఆమె ప్రభువునందు నిద్రించిన రోజు సమాధి రిజిస్టరు తెరిచి పేరు రాయబోయి ఆగిపోయాము. పేరేమిటి? పక్కనున్న పెద్దలను అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మనవడు ఇంటికి పరుగెత్తి రేషను కార్డు తెచ్చాడు. కరుణమ్మ. ఆమె చేతికి ఎన్నిసార్లు ప్రభువు బల్ల అందించామో లెక్కలేదు. ఒక్కసారైనా పేరు అడగలేదు.

నిర్గమకాండము 28వ అధ్యాయము చూడండి. ప్రధాన యాజకుని పతకములో పన్నెండు రత్నములు ఉన్నాయి. మన తెలుగు బైబిలులో మొదటి వరుసలోనే గోమేధికము కనబడుతుంది. ఆ రాళ్లు అందము కోసము మాత్రమే కాదు. ఒక్కొక్క రాతి మీద ఒక్కొక్క గోత్రము పేరు చెక్కించమన్నాడు దేవుడు. యాజకుడు పరిశుద్ధ స్థలములోకి వెళ్లినప్పుడు ఆ పేర్లు ఆయన రొమ్ము మీదనే ఉండాలి. మేము మాత్రం ఒక పేరు తెలియకుండానే ఇన్నేళ్లు బలిపీఠము దగ్గర నిలబడ్డాము.

సావోరైట్ పేరు పెట్టాక రత్నము కాలేదు. ఎవరూ ఎరుగని రోజుల్లో, మట్టిలో ఉన్నప్పుడే అది రత్నము. కరుణమ్మగారిని కూడా ప్రభువు మొదటి నుండి పేరుతోనే ఎరుగును. ఆలస్యమైంది మాకే.

ఆ వారమే సంఘ రిజిస్టరు తీశాము. "ఫలానావారి తల్లి", "ఫలానావారి భార్య" అని మాత్రమే ఉన్నవారు 17 మంది. ఇల్లిల్లూ తిరిగి పేర్లు అడుగుతున్నాము. ఒక పెద్దమ్మ నవ్వి, "నా పేరుతో ఇప్పుడేం పని అయ్యగారూ?" అంది. తలుపు దాకా వచ్చాక మెల్లగా చెప్పింది.

ఈ ఆదివారము ఆరాధన ముగిశాక మీ పక్కన కూర్చున్నవారి పేరు అడగండి. వరుసపెట్టి పిలవడం మానొద్దు, అది మన ప్రేమ. పేరు కూడా తెలుసుకోండి.

ప్రార్థన: తన గొర్రెలను పేరు పెట్టి పిలిచే మంచి కాపరీ, మేము మరచిన పేర్లను మాకు జ్ఞాపకము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.