తలుపులు తెరిచిన ఆటశాల

పేరుకది విశ్వవిద్యాలయంలోని ఇండోర్ స్టేడియం. కానీ అమెరికా క్రీడాచరిత్రలో కొన్ని పెద్ద మలుపులకు వేదికైంది. అదే కోల్ ఫీల్డ్‌హౌస్!

వాషింగ్టన్‌లో గ్రీన్‌లైన్ మెట్రో ఎక్కితే అరగంటలోపే కాలేజ్‌పార్క్ వస్తుంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. ఎర్రఇటుకల భవనాలు, పచ్చికబయళ్ల మధ్య విల్లులా వంగిన పైకప్పుతో కనిపిస్తుంది ఈ ఆటశాల. 1955లో ప్రారంభమైనప్పుడు సుమారు 12 వేలమంది కూర్చునేవారు. బాస్కెట్‌బాల్ పోటీలే కాదు, స్నాతకోత్సవాలూ కచేరీలూ ఇక్కడే. 1974లో ఎల్విస్ ప్రెస్లీ కూడా పాడి వెళ్లాడు.

ఆ అయిదుగురు...

1966 మార్చి 19. కళాశాలల జాతీయ బాస్కెట్‌బాల్ ఫైనల్. ఒకవైపు అప్పటికే నాలుగుసార్లు విజేత అయిన కెంటకీ. జట్టులో అందరూ తెల్లవాళ్లే. మరోవైపు పెద్దగా పేరులేని టెక్సస్ వెస్టర్న్. దాని కోచ్ డాన్ హాస్కిన్స్ మొదటి అయిదుగురుగా నల్లజాతి ఆటగాళ్లనే దింపాడు. ఫైనల్లో అలా జరగడం అదే తొలిసారి. దక్షిణాదిలోని చాలా విశ్వవిద్యాలయాలు నల్లజాతివారిని జట్టులోకే రానివ్వని రోజులవి. 72-65తో టెక్సస్ వెస్టర్న్ గెలిచింది. మూడేళ్ల తర్వాత 1969లో కెంటకీ కూడా తొలి నల్లజాతి ఆటగాణ్ని తీసుకుంది. 2006లో వచ్చిన ‘గ్లోరీ రోడ్’ సినిమా కథ ఈ జట్టుదే.

చైనా నుంచి అతిథులు

1972లో మరో విశేషం. రెండు దశాబ్దాలకు పైగా మాటల్లేని అమెరికా, చైనాల్ని దగ్గర చేసింది టేబుల్ టెన్నిస్ బంతి. 1971లో అమెరికా జట్టు చైనా వెళ్లొచ్చింది. మర్నాడే అన్నట్టు, 1972 ఏప్రిల్లో చైనా క్రీడాకారులు అమెరికా వచ్చారు. ఈ పర్యటనలో కోల్ ఫీల్డ్‌హౌస్‌లోనూ ఆడారు. అధ్యక్షుడు నిక్సన్ కూతురు ట్రిసియా వచ్చి ఆ ఆట చూసింది.

మూడేళ్లు తిరిగేసరికి అమ్మాయిల వంతు. 1975 జనవరిలో ఇమాక్యులేటా అనే చిన్న కళాశాల జట్టు ఇక్కడే మేరీలాండ్‌ను 80-48తో చిత్తుచేసింది. దేశమంతటా టీవీలో ప్రసారమైన తొలి మహిళా కళాశాల బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఇదేనంటారు.

పాత గోడలు... కొత్త పేరు

2002లో బాస్కెట్‌బాల్ జట్లు కొత్త స్టేడియానికి మారిపోయాయి. అయినా పాతదాన్ని కూల్చేయలేదు. లోపల వంద గజాల ఫుట్‌బాల్ మైదానం పరిచి, 2017లో సాధనకు తెరిచారు. పక్కనే క్రీడావైద్య కేంద్రమూ పెట్టారు.

అసలు మార్పు 2021లో వచ్చింది. అప్పటి నుంచీ ఇది ‘జోన్స్-హిల్ హౌస్’. డారిల్ హిల్ 1963లో, బిల్లీ జోన్స్ 1965లో మేరీలాండ్ తరఫున బరిలోకి దిగారు. ఈ విశ్వవిద్యాలయం 2014 వరకూ ఆడిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఫుట్‌బాల్‌కు హిల్, బాస్కెట్‌బాల్‌కు జోన్స్ తొలి నల్లజాతి ఆటగాళ్లు. దక్షిణాది మైదానాల్లో హిల్‌కు ఎదురైంది చప్పట్లు కాదు, దూషణలు. అదే ఫుట్‌బాల్ జట్టు కుర్రాళ్లు ఇప్పుడు రోజూ అతని పేరున్న కప్పు కిందే సాధన చేస్తున్నారు!

వాషింగ్టన్ వెళ్లినవాళ్లు శ్వేతసౌధం, మ్యూజియాలు చూసి తిరిగొస్తుంటారు. పిల్లల దగ్గరికెళ్లి ఓ పూట తీరిక దొరికితే ఇటూ ఓ అడుగు వేయొచ్చు. ఈ ఆటశాలలో ఎవరు గెలిచారన్నదానికన్నా ఎవరెవరికి ఆడే అవకాశం దొరికిందన్నదే పెద్ద కథ మరి!