వేటకు ముందురాత్రి

జూన్ 14 సాయంత్రం విశాఖ ఫిషింగ్ హార్బరులో కాలు పెట్టడానికి చోటు లేదు. ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం ఆ అర్ధరాత్రితో తీరిపోతుంది. మరలో నలిగిన ఐసు బోట్ల అడుగు గదుల్లోకి జారుతోంది. నేను చూడాలనుకున్నది మాత్రం ఎనిమిది మంది పదిహేను రోజులు తినబోయే రేషన్.

సరంగు బాబాయ్ చెయ్యందించి బోటెక్కించాడు. క్యాబిన్ వెనక ఒక మనిషి పట్టేంత వంటచోటు. నీళ్ల డ్రమ్ములు, మూడు బియ్యం బస్తాలు.

“చేపలున్నాయి కదా బాబాయ్, కూరకేం లోటు?”

“చేపుంటే సరిపోద్దేటమ్మా? చింతపండు, కారం పాడైతే పులుసెలా పెడతాం?”

సముద్రం మీద తిండికి శత్రువు చెమ్మ. ఉప్పుగాలికి కారం ముద్దకడుతుంది, పప్పు మెత్తబడుతుంది. అందుకే ఈసారి ఆయన కొడుకు గాలి లాగేసి సీలు వేసే మిషను కొన్నాడు. కందిపప్పు పొట్లం చేతికిచ్చాడు, ఇటుకలా ఉంది. లోపల గాలి లేకపోతే పురుగూ బతకదు. పొట్లం విప్పాక మళ్లీ చెమ్మ పట్టేస్తుంది కనుక ఒక్కోటి రెండు రోజులకు సరిపడా కట్టాడు. ఆ లెక్క నాకు ఎంతో నచ్చింది.

ఉల్లిపాయలు మాత్రం పాత వలముక్కలో వేలాడుతున్నాయి. ఇంట్లో వాటికీ సీలు వేసి చూశాడట, నీరుకారి కుళ్లిపోయాయి. కోసి తెచ్చాక కూడా ఉల్లి ఊపిరి పీలుస్తూనే ఉంటుంది మరి.

“ఈసారి అమ్మ వండిన రొయ్యల ఇగురు కూడా సీలు వేసి అలమరలో పెట్టేస్తానక్కా” అన్నాడు. నా గుండె ఝల్లుమంది. గాలి లేనిచోటే పెరిగే బొట్యులినం అనే సూక్ష్మజీవి ఉంది. దాని విషం చేరిన కూర వాసనలో, రంగులో తేడా తెలియకపోవచ్చు. నడిసముద్రంలో ఆస్పత్రి ఎక్కడుంటుంది? సైన్యానికి వెళ్లే ఉప్మా పొట్లాలు చూడ్డానికి ఇలాగే ఉన్నా, వాటిని మూతవేశాక ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల వేడికి గురిచేస్తారు. ఇంటి మిషను చేసేది గాలి లాగడం వరకే. ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను.

“మరి ఐసులో పూడిస్తే?”

“పూడ్చు. రెండు రోజుల్లో తినెయ్యండి, బాగా మరిగించి.”

అంతలో ఇంటినుంచి క్యారేజీ వచ్చింది. బాబాయ్ మూత తీసి చూసి, “ఇది దాచడానికేటి, ఇప్పుడే తినేద్దాం” అన్నాడు. కళాసీలు కంచాలు తీశారు.